ఆషాఢంలో నల్ల తెర

శుభవార్త వచ్చిన క్షణంలో నేను దాని వైపే చూస్తున్నాను. అది నాకు కనబడలేదు.

కనబడకుండా చేసుకున్నది నేనే. ఒక సాయంత్రమంతా కూర్చుని, శ్రమపడి, ముచ్చటపడి చేసుకున్నాను. అయినా సరే, ఈ పత్రికా ముఖంగా ఒక డిమాండు చేస్తున్నాను. కొత్తగా పెళ్లయిన ప్రతి జంటకూ నల్ల తెర మీద నడిచే ఈమెయిలు ప్రోగ్రాము నేర్పించాలి! కల్యాణ మండపంలోనే, అప్పగింతలకు ముందు, ఒక అరగంట క్లాసు పెట్టించాలి!

నవ్వకండి. నేను సీరియస్‌గానే అంటున్నాను.

వచ్చిన శుభవార్త ఏమిటో ముందే చెప్పేస్తాను, దాచుకోవడం నాకు చేతకాదు. యూనివర్సిటీలో పెళ్లయిన పరిశోధకులకిచ్చే క్వార్టర్లలో మాకొకటి వచ్చింది. రెండు గదులు, వంటిల్లు, చిన్న బాల్కనీ! వారంలోగా భార్యాభర్తలిద్దరూ స్వయంగా వెళ్లి సంతకాలు చేసి తాళంచెవి తీసుకోవాలి. లేకపోతే వరసలో మా వెనక ఉన్న జంటకు ఇచ్చేస్తారు. ఆ వారం రేపటితో అయిపోతుంది. ఆ సంగతి నాకు ఇవాళ సాయంత్రం తెలిసింది.

అందుకు మీరు నల్ల తెరను తప్పుపడతారని నాకు తెలుసు. తొందరపడకండి. ఆ కుక్కను నేను ఒక్క మాట పడనివ్వను.

కుక్క అని ఎందుకన్నానంటే, దాని పేరు మట్. ఇంగ్లీషులో ఊరకుక్క అని అర్థమట. మీరు చూసే ఈమెయిలులో తెల్లటి పేజీ, బొమ్మలు, నొక్కడానికి గుండ్రటి బటన్లు ఉంటాయి. ఇందులో అవేమీ లేవు. నల్ల తెర, దాని మీద అక్షరాల వరసలు, అంతే. మౌస్‌తో పని లేదు. ప్రతి పనికీ ఒక మీట. ఏ మీట నొక్కితే ఏమవుతుందో మనమే కంఠతా పట్టాలి. పేరుకు తగ్గట్టు అది మొదటి రోజు మొరిగింది, రెండో రోజు కరిచింది, మూడో రోజు నుంచి నా వెంటే తిరుగుతోంది.

మొదటి రోజు దాన్ని తెరిచాను గానీ మూయడం తెలియలేదు. లాప్‌టాప్ మూత దించేసి పడుకున్నాను. రెండో రోజు ఉత్తరం రాద్దామని కూర్చుంటే ఒక్క అక్షరం పడనివ్వలేదు. రాసే ముందు 'ఇప్పుడు రాస్తాను' అని ఒక మీట నొక్కి మనవి చేసుకోవాలట. రాయడం అయ్యాక 'ఇక రాయను' అని ఇంకో మీట! ఇంత మర్యాద మా అత్తవారి ఊళ్లో కూడా చూడలేదు. మూడో రోజు మా రీసెర్చి గైడుగారి ఉత్తరం ఒకటి పొరపాటున చెరిపేశాను. బయటికి వచ్చేటప్పుడు 'నిజంగానే చెరిపేయమంటావా' అని అడిగింది. ఏదో మంచి మాట అడుగుతోంది కదా అని అవునన్నాను. అందులో ఏముందో నాకు ఈరోజుకీ తెలియదు. గైడుగారూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. చూశారా, ఇద్దరికీ ఎంత మేలు జరిగిందో!

ఇంకో విశేషం. ఉత్తరం రాసేశాక అది మనల్ని అడుగుతుంది. పంపమంటావా? వాయిదా వేయమంటావా? వదిలేయమంటావా? మీరే చెప్పండి, ఇంజనీరింగు వద్దని జాగ్రఫీలో చేర్పించిన రోజు మొదలుకుని పెళ్లిచీర అంచు దాకా నా జీవితంలో నన్ను ఇన్నిసార్లు అడిగినవాళ్లున్నారా?

ఇంతకూ నాకీ కుక్క ఎందుకు అవసరపడిందంటే, ఆషాఢం వచ్చింది.

మాది ప్రేమ వివాహం. మా వాళ్లు తెనాలి వైపు నుంచి ఎప్పుడో వచ్చి బౌద్ధనగర్‌లో స్థిరపడ్డారు. మా భాను వాళ్లది జనగామ దగ్గర వ్యవసాయం. చదువు కోసం మౌలాలిలో వాళ్ల పెద్దమ్మ దగ్గర పెరిగాడు. ఇప్పుడు నేను వర్షపాతం మీద పరిశోధన చేస్తున్న యూనివర్సిటీలోనే కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తున్నాడు. జ్యేష్ఠంలో పెళ్లయింది. తార్నాకలో మేడ మీద ఒంటి గదిలో కాపురం పెట్టాం. గట్టి వాన పడితే మంచం గది మధ్యకు లాక్కోవాలి. అప్పుడు అదొక పడవ! కొత్త కుక్కర్ మొదటి విజిల్ వేసినప్పుడు మేమిద్దరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. నెల తిరగలేదు, ఆషాఢం వచ్చేసింది. పెళ్లికూతురు పుట్టింటికి రావాలి, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. నన్ను సూట్‌కేసుతో సహా బౌద్ధనగర్ తెచ్చేశారు.

తార్నాకకూ బౌద్ధనగర్‌కూ ఎంత దూరమండీ? మరీ దగ్గరని ఆటోవాళ్లు రామంటారు!

మా అమ్మ శ్యామలాంబ నా చేత మాట తీసుకుంది. నెలంతా అతన్ని కలవకూడదు, ఫోన్లో కబుర్లు పెట్టుకోకూడదు. సరేనన్నాను. క్యాంపస్‌లో నేను రోజూ కంప్యూటర్ సెంటర్ ముందు నుంచే నడిచి వెళ్తాను, భాను రోజూ అదే సమయానికి కిటికీ దగ్గర నిలబడతాడు. చూడటం కలవడం కాదు కదా. ఇక భాను నా లాప్‌టాప్‌లో ఎక్కించి ఇచ్చిన ఈమెయిలు సంగతి ఆ ఒప్పందంలోనే లేదు. అమ్మ దృష్టిలో ఈమెయిలంటే కరెంటు బిల్లు వచ్చే చోటు.

వాట్సాప్ చాలదా అంటారు. దాని సంగతి చెప్పకండి. అది మోగిన ప్రతిసారీ పెళ్లి షేర్వానీలో మా భాను ముఖం స్క్రీనంతా వెలుగుతుంది. ఆ ఫోను ఎక్కడుంటుంది? డైనింగు టేబులు మీద, సాంబారు గిన్నెకూ నాన్నగారి మందుల డబ్బాకూ మధ్య. పైగా నీలం టిక్కులు, 'ఆన్‌లైన్' అని పచ్చటి సాక్ష్యం! గుంటూరులో ఉన్న మా మేనత్త తెల్లారి ఫోన్ చేసి, రాత్రి అంతసేపు ఆన్‌లైన్‌లో ఉన్నావేమే, ఒంట్లో బాగాలేదా అని పరామర్శించింది.

నల్ల తెర అలాంటి చాడీలు చెప్పదు. దాని మీద ప్రేమలేఖా పరీక్ష నోటీసూ ఒకే ముఖంతో కనిపిస్తాయి. అమ్మ వెనకగా వచ్చి భుజం మీదుగా తొంగి చూస్తుంది. నల్లటి తెర, సన్నటి అక్షరాలు, నా ముఖంలో ఏకాగ్రత. పాపం, పిల్ల కళ్లు పోగొట్టుకుంటోందనుకుని బాదంపాలు తెచ్చిపెడుతుంది. 'ఇయ్యాల ఒక్కనికే కుక్కర్ పెట్టిన, మూత తీస్తే ఇద్దరికి సరిపోను అన్నమున్నది' అని మా ఆయన రాసిన ఉత్తరం చదువుతూ నేను బాదంపాలు తాగానండీ! ఇంతకు మించిన టెక్నాలజీ ఉందా?

మా నాన్నగారు సోమయాజులుగారు మెట్టుగూడ రైల్వే ఆఫీసులో చేసి రిటైరయ్యారు. మా అమ్మాయి మౌస్ ముట్టుకోదండీ, అంతా నల్ల స్క్రీను మీదే అని అపార్ట్‌మెంటంతా చెప్పుకొచ్చారు. దాంతో నా హోదా పెరిగిపోయింది. పై ఫ్లోరువాళ్లు తిరుమల దర్శనం టికెట్లకు నా దగ్గరికే వస్తున్నారు. ఎదురింటావిడ టీవీ రిమోట్ తెచ్చింది. ఒకాయన వాళ్ల లిఫ్టు సంగతి కూడా అడిగాడు. ఇవన్నీ నల్ల తెర ఇచ్చిన గౌరవాలు కావా?

లోపాలు లేవనను. తెలుగులో రాస్తే ఆ తెర మీద గుడులు, కొమ్ములు, ఒత్తులు తమ అక్షరాలను వదిలి పక్కకు జరిగి నిలబడతాయి. మొదట చిరాకుపడ్డాను. తర్వాత అర్థమైంది, వాటికీ ఆషాఢమే! ఫొటోలు కూడా కనిపించవు. ఫొటో ఉన్నచోట దాని బరువు, అంటే ఎన్ని కేబీలో, మాత్రం రాసి ఉంటుంది. కొన్నాళ్లు నేను మా ఆయన బరువు చూసుకునే సంతోషించాను. భానుకు అది చాలలేదు. తన ముఖాన్ని చుక్కలతో, గీతలతో, నక్షత్రాలతో అల్లి, ఉత్తరంలో అచ్చంగా అక్షరాలతోనే పంపాడు. నేను ఆ ముఖం ముందు మైమరచి కూర్చుని ఉండగా అమ్మ వచ్చింది.

"ఇదేమిటే?"

"తెలంగాణ వర్షపాతమమ్మా."

అమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. వేలు తిన్నగా తీసుకెళ్లి మీసం మీద పెట్టింది.

"ఇక్కడ బాగా కురిసినట్టుందే."

"అవునమ్మా. అక్కడ ఏటా ఎక్కువే."

ఇక దీని అసలు అందానికి వస్తాను. అది సెట్టింగులలో ఉంది. ఒక ఫైలు ఉంటుంది, అందులో మనం ఎలా రాస్తే ప్రోగ్రాము అలా నడుచుకుంటుంది. ఈ మీట నొక్కితే ఇలా చెయ్యి అంటే చేస్తుంది. ఎదురు చెప్పదు. ఇలాంటి సదుపాయం భర్తల్లో ఉందా? నాలుగేళ్లు ప్రేమించి కూడా మా ఆయన సెట్టింగుల ఫైలు ఎక్కడుందో కనిపెట్టలేకపోయాను.

అందుకని ఆ ముచ్చటంతా దీని మీదే తీర్చుకున్నాను. భాను ఉత్తరాలకు పసుపు రంగు వేశాను. గైడుగారివి ఎరుపు. రెండు మీటలు కలిపి నొక్కితే మధ్యలో ఎన్ని ఉత్తరాలున్నా దాటేసి నేరుగా తర్వాతి పసుపు వరస మీదికి గెంతేలా ఒక ఏర్పాటు చేసుకున్నాను. మిగతా లోకానికంతా బూడిద రంగు. చివరికి యూనివర్సిటీ ఆఫీసు మిగిలింది. వాళ్ల నుంచి రోజూ సర్క్యులర్లు కురుస్తాయి. నీళ్ల ట్యాంకు కడుగుతున్నారు. కోతులకు తిండి పెట్టవద్దు. లైబ్రరీలో ఒక గొడుగు దొరికింది. దొరికిన గొడుగు మళ్లీ పోయింది. వీటికి ఏ రంగు వేయాలి? బాగా ఆలోచించి నలుపు వేశాను. నల్ల తెర మీద నల్ల అక్షరాలు!

ఆహా, ఏమి ప్రశాంతత! తెర మీద పసుపు వరసలు, వాటి మధ్య అక్కడక్కడా ఖాళీ. ఊపిరి తీసుకోవడానికి చోటులా ఉండేది.

పోయిన గురువారం పొద్దున నేను చూస్తుండగానే అలాంటి ఖాళీ వరస ఒకటి కొత్తగా వచ్చి చేరింది. ఎంత హాయిగా ఉందో అనుకున్నాను. అదే మా క్వార్టరు.

మరి ఇవాళ ఎలా దొరికిందంటారా? గోరింటాకు వల్ల.

ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోకపోతే అమ్మ ఊరుకుంటుందా? మధ్యాహ్నం రుబ్బి, నాలుగయ్యేసరికి నా పది వేళ్లకూ టోపీలు తొడిగి, రెండు అరచేతుల్లో చందమామలు దిద్ది కూర్చోబెట్టింది. మనసేమో పసుపు వరస మీద. గెంతడానికి రెండు వేళ్లు కావాలి, నా దగ్గర ఒక్కటీ లేదు. అందుకని ఒక పెన్సిలు పళ్లతో పట్టుకుని, కిందికి దిగే మీటను పొడుస్తూ, వరస తర్వాత వరస దిగడం మొదలుపెట్టాను. మనం ఏ వరస మీద ఉంటే ఆ వరస మీద తెల్లటి పట్టీ పడుతుంది. అది పడితే ఎంత నల్లటి అక్షరమైనా పైకి తేలుతుంది. పట్టీ ఖాళీ వరస మీదికి వచ్చింది. ఖాళీలోంచి 'క్వార్టర్ల కేటాయింపు' అన్న అక్షరాలు లేచాయి.

పెన్సిలు నోట్లోంచి జారిపోయింది. ముక్కుతో నొక్కి తెరిచాను. రేపు సాయంత్రం వరకే గడువు!

భానుకు ఫోన్ చేయమని అమ్మను అడిగాను. మాట ఇచ్చావు కదే అంది. ఇల్లు పోతుందమ్మా అన్నాను. నా చేతులు చూసి, తప్పదని తనే నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను నా ముఖం దగ్గర పట్టుకుంది. నేను నోరు తెరిచేలోపే భాను అందుకున్నాడు.

"ఏందే, ఇయ్యాల్టి ఐదో ఉత్తరం చదివినవా? ఈసారి చుక్కలతోని నీ బొమ్మ గీస్తున్న. ముక్కు కాడికి వచ్చిన."

అమ్మ నన్ను చూసింది. తెరను చూసింది. మళ్లీ నన్ను చూసింది.

"ఆ వర్షపాతం అల్లుడుగారి మీసమా?"

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. తర్వాత భాను చాలా మర్యాదగా, "నమస్తే అత్తమ్మా" అన్నాడు.

నేను గబగబా క్వార్టరు సంగతి, ఖాళీ వరస సంగతి చెప్పాను.

"నలుపు మీద నలుపు పెట్టినవా?"

"రంగులు మార్చడం నేర్పింది నువ్వేగా."

"రంగులు నేర్పిన. గుడ్డితనం నేర్పలే గద."

నాన్నగారు పేపరు పక్కన పెట్టి, రేపు ఇద్దరూ వెళ్లి తాళంచెవి తెచ్చుకుంటే సరిపోతుంది కదా అన్నారు. అమ్మ ఫోను కిందికి దించింది. కట్ చేయలేదు, దించింది అంతే. గొంతు పెంచకుండా మాట్లాడింది.

"ముహూర్తం వాళ్లు పెట్టుకున్నారు, నేనేమైనా అన్నానా? పెళ్లి వాళ్ల వైపు చేశారు, వెళ్లి కూర్చున్నాను. ఈ ఒక్క నెల నాకు వదిలేయమన్నాను. ఆషాఢంలో, ఇద్దరూ కలిసి, కొత్తింట్లో అడుగుపెడతారా? రేపు మీకేదైనా అయితే నేను ఎవర్ని అడగనే?"

అమ్మ కోప్పడితే ఏదో ఒకటి అనేదాన్ని. ఆవిడ భయపడుతోంది. శ్రావణం ఇంకా రెండు వారాలుంది. ఆఫీసువాళ్లకు ఆషాఢం లేదు. మా వెనక వరసలో ఉన్న జంట రేపు సాయంత్రం కోసం కాచుకుని ఉంటారు. నేను గోరింటాకు చేతులు గాలిలో పట్టుకుని నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి కూడా చేతులు లేవు.

అప్పుడు ఫోనులోంచి ఇంకో గొంతు వచ్చింది. భాను తెలివైనవాడు. ఈలోగా మౌలాలిలోని పెద్దమ్మను కూడా లైనులోకి తెచ్చాడు. ఆవిడ అంతా విన్నట్టుంది.

"ఏం పరేషాన్ గాకు వదినా. ఆషాఢమంటే అమ్మవారు పుట్టింటికొచ్చే నెల. మేం బోనాలెత్తేది గీ నెలల్నే. తాళంచెవి తెచ్చుకుంటే గృహప్రవేశం ఎట్లయితది? గడప దాటద్దు, అంతే. పాలు పొంగిచ్చేది శ్రావణంల చూద్దాం."

అమ్మ ఆలోచించింది. వదినగారి మాటలో శాస్త్రం ఉందని ఆవిడకు అనిపించినట్టుంది. కానీ ఒక చిక్కు చెప్పింది. ఫ్యాన్లు, కుళాయిలు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేవో లోపలికి వెళ్లి చూశాకే సంతకం పెట్టమంటారు కదా, గడప దాటకుండా ఎవరు చూస్తారు?

"నువ్వు చూడు" అంది పెద్దమ్మ. "నీకేం ఆషాఢం వదినా, నీకేమన్న కొత్తగ పెండ్లయిందా?"

నాన్నగారు పేపరు మళ్లీ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరు వణికింది. అమ్మ మొదట ఆయన వైపు కోపంగా చూసింది, తర్వాత తనూ నవ్వేసింది.

ఇప్పుడు గోరింటాకు కడిగేసుకుని, ఎర్రటి వేళ్లతో ఈ వ్యాసం కొడుతున్నాను. న్యాయంగా ఇక్కడ నల్ల తెరకు జేజేలు పలికి ముగించాలి. కానీ మీ దగ్గర దాచడం ఎందుకు?

ఐదువందల మంది మా నెత్తిన అక్షింతలు వేశారు. నూరేళ్లు కలిసి ఉండమన్నారు. ఎక్కడ ఉండాలో ఎవరైనా చెప్పారా? తార్నాకలో మా గది పక్కనే వాటర్ ట్యాంకు. అది నిండిందో లేదో చూడటానికి ఇంటాయన చంద్రయ్యగారు ఎప్పుడు పడితే అప్పుడు పైకి వస్తారు. వచ్చినవారు పలకరించకుండా పోతే బాగుండదని కాసేపు కూర్చుంటారు. బౌద్ధనగర్‌లో నేను హాల్లో దివాన్ మీద పడుకుంటాను. క్యాంపస్‌లో మాకున్నది ఒక కిటికీ, దానికి అటూ ఇటూ ఇద్దరం. అందరూ మంచివాళ్లే. అందరికీ మా మీద ప్రేమే. ఆ ప్రేమలోంచి తప్పించుకుని ఒక మాట అనుకోవడానికి నేను ఒక కుక్కను మచ్చిక చేసుకోవలసి వచ్చింది!

నల్ల తెరను నేను అంత ముచ్చటగా ఎందుకు అలంకరించాను? పసుపు వేసి, ఎరుపు దిద్ది, అక్కర్లేనివి కనబడకుండా సర్దుకుని? ఏముంది, అలంకరించుకోవడానికి నాకంటూ ఉన్న గది అదొక్కటే కనుక.

రేపు పొద్దున పదింటికి తార్నాక చౌరస్తాలో భాను మా కోసం నిలబడతాడు. ఆఫీసులో ఇద్దరం పక్కపక్కన నిలబడి సంతకాలు పెడతాం, తాళంచెవి తీసుకుంటాం. అమ్మ లోపలికి వెళ్లి ఫ్యాన్లు తిప్పి, కుళాయిలు విప్పి చూస్తుంది. మేమిద్దరం బయట మెట్ల మీద కూర్చుంటాం, ఆవిడ ఎంతసేపు చూస్తే అంతసేపు. అన్నీ అమ్మకే వదిలేస్తాను గానీ ఒక్కటి మాత్రం వదలను. గడప ఇవతలే నిలబడి, చెయ్యి ఒక్కటే లోపలికి చాపి, నేనే స్వయంగా చూసుకుంటాను, ఆ తలుపుకు లోపలి గడియ గట్టిగా పడుతుందో లేదో.